రాస్తే చెరగని డిస్కు: దాచుకోవడానికి ఎంత, పంచడానికి ఎంత?

2025 ఫిబ్రవరితో సోనీ కంపెనీ రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. పానసోనిక్ అంతకు రెండేళ్ల ముందే మానుకుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవ్ కనిపించక చాలా ఏళ్లయింది. మరోపక్క స్కానింగ్ సెంటర్‌లో ఎమ్మారై తీయించుకుంటే ఇప్పటికీ చాలాచోట్ల ఫిల్ముతో పాటు ఒక సీడీ కవర్లో పెట్టి ఇస్తున్నారు. సీసీ కెమెరా ఫుటేజీ ఉన్న కేసుల్లో కోర్టు కాగితాల వెంట సీడీయో డీవీడీయో వెళ్తూనే ఉంది. ఊళ్లో కంప్యూటర్ సామాన్ల షాపుకెళ్లి బ్లాంక్ డీవీడీలు అడిగితే లోపలి అరలోంచి యాభై డిస్కుల డబ్బా తీసి ఇస్తారు.

మరి ఈ వస్తువుకి ఇంకా పని ఉందా? చిన్న దుకాణమో, ఫోటో స్టూడియోనో, సంగీతం క్లాసో నడుపుకునేవాళ్లకి ఈ ప్రశ్న రెండు వైపుల నుంచి వస్తుంది. లెక్కల ఫైళ్లు, ఫోటోలు, ఒప్పంద పత్రాలు దాచుకోవడానికి డిస్కు మంచిదేనా అన్నది ఒకటి. మన పని గురించి వీడియోలు, కేటలాగులు డిస్కులో పెట్టి జనానికి పంచితే గిరాకీ పెరుగుతుందా అన్నది రెండోది. రెండింటికీ జవాబు డిస్కుకున్న ఒకే గుణంలో ఉంది. ఒకసారి రాశాక అందులోది మారదు. దాచుకోవడానికి ఆ గుణమే బలం, ప్రచారానికి చాలా సందర్భాల్లో అదే బలహీనత. దీన్ని గమనించకుండా రెండు పనులకీ ఒకే లెక్క వేసుకుంటే డబ్బూ పోతుంది, ఫైళ్లూ పోతాయి.

లోపల జరిగేది

సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చింది. అది ఫ్యాక్టరీలో అచ్చుపోసిన డిస్కు. ప్లాస్టిక్ మీద సన్నటి గుంటలు ముందే పడి ఉంటాయి, వాటిని లేజర్ చదువుతుంది. ఇంట్లో మనం రాసుకునే సీడీ-ఆర్ 1988 ప్రాంతంలో జపాన్‌కి చెందిన తైయో యుడెన్ కంపెనీ చేతిలో రూపు దిద్దుకుంది. ఇందులో గుంటలు ఉండవు. పాలికార్బనేట్ ప్లాస్టిక్ మీద ఒక రంగు పొర, దాని మీద వెండి లేదా బంగారంతో అద్దంలాంటి పొర, ఆ పైన పలచటి లక్క పూత ఉంటాయి. రైట్ చేసేటప్పుడు లేజర్ వేడికి రంగు పొర అక్కడక్కడా మాడి, కాంతిని తక్కువగా వెనక్కి పంపే చుక్కలు ఏర్పడతాయి. చదివేటప్పుడు తక్కువ శక్తితో వెళ్లే లేజర్ ఆ చుక్కలనే గుంటలుగా భావిస్తుంది.

దీన్ని కంటితోనే చూడొచ్చు. సగం నిండిన డిస్కుని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే మధ్య రంధ్రం వైపు కాస్త ముదురు రంగు వలయం, అంచు వైపు లేత రంగు కనిపిస్తాయి. రెండింటి మధ్య సన్నటి గీత ఉంటుంది. డిస్కు లోపలి నుంచి బయటికి రాసుకుంటూ పోతుంది కాబట్టి, ఆ గీత దగ్గర మన డేటా ఆగిందన్నమాట. నిండా నింపిన డిస్కులో చివరి ఫైళ్లు అంచు దగ్గర ఉంటాయి. వేలిముద్రలూ గీతలూ ఎక్కువగా పడేది అక్కడే, చాలా డిస్కుల్లో ముందు పాడయ్యేదీ అదే చోటు. అందుకే పూర్తిగా నింపకుండా కొంత చోటు వదిలేయడం మంచి అలవాటు.

సీడీలో 700 ఎంబీ, డీవీడీలో 4.7 జీబీ, బ్లూరేలో 25 జీబీ పట్టడానికి కారణం లేజర్ కాంతి సన్నబడడమే. సీడీకి వాడేది 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు, బ్లూరేకి 405 నానోమీటర్ల నీలి ఊదా. కాంతి సన్నబడే కొద్దీ చుక్కలూ చిన్నవవుతాయి, వరసలూ దగ్గరవుతాయి. సీడీలో వరసకీ వరసకీ 1.6 మైక్రాన్ల దూరం ఉంటే బ్లూరేలో అది 0.32 మైక్రాన్లు. 4.7 జీబీ డీవీడీని కంప్యూటర్ 4.37 జీబీగా చూపిస్తే షాపువాళ్లని అనుమానించక్కర్లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడితే, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. అంతే తేడా.

డేటా పొర ఎక్కడుందో తెలిస్తే డిస్కుని ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. సీడీలో అది పేరు రాసే పైవైపుకి ఆనుకుని, ఆ లక్క పూత కిందే ఉంటుంది. మెరిసే వైపు గీత పడితే చాలావరకు పాలిష్‌తో పోతుంది. పైన బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే మాత్రం డేటానే చెక్కేసినట్టు. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి పైనుంచి వచ్చే దెబ్బలకి కాస్త రక్షణ ఎక్కువ. బ్లూరేలో చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది, అందుకని దానికి గట్టి పూత వేస్తారు.

ఆర్‌డబ్ల్యూ అని ఉండే డిస్కులు వేరు. వాటిలో రంగు పొర బదులు లోహ మిశ్రమం ఉంటుంది, వేడికి అది స్థితి మారుతుంది, మళ్లీ చెరిపి రాయొచ్చు. సుమారు వెయ్యిసార్లు రాయొచ్చని చెబుతారు. బ్యాకప్ కోసమైతే వాటిని కొనకండి. చెరిపే వీలున్న చోట ఏదో ఒకరోజు పొరపాటున చెరపడం కూడా జరుగుతుంది.

బ్యాకప్‌లో దాని చోటు

చాలామంది ఫైళ్లు పోవడం అంటే హార్డ్‌డిస్కు చెడిపోవడమే అనుకుంటారు. చిన్న వ్యాపారాల్లో అంతకంటే ఎక్కువ టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి. కొత్తగా చేరిన అబ్బాయి పాత సంవత్సరం ఫోల్డర్ మీద కొత్తది సేవ్ చేస్తాడు. క్లౌడ్‌లో సింక్ అవుతున్న ఫోల్డర్‌లో ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. డబ్బు గుంజడానికి ఫైళ్లని బంధించే రాన్సమ్‌వేర్ అనే వైరస్ ఒక్క రాత్రిలో సిస్టమ్‌లోని ఫైళ్లతో పాటు దానికి తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కులోవి కూడా తాళం వేసేస్తుంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇలాంటి వేళ ఒకసారి రాసి మూసేసి అల్మరాలో పెట్టిన డిస్కుని ఏ వైరస్సూ తాకలేదు. సిస్టమ్‌లో పెట్టినా అందులోది మార్చలేదు. ఇంత తక్కువ ఖర్చులో ఈ భద్రత ఇచ్చే వస్తువు మరొకటి నాకు కనిపించలేదు.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ పుణ్యమా అని వ్యాప్తిలోకి వచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ముఖ్యమైన ప్రతి ఫైలుకీ మూడు కాపీలు, కనీసం రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఒక హార్డ్‌డిస్కు పక్కన ఇంకో హార్డ్‌డిస్కు పెడితే రెండూ ఒకే వోల్టేజీ దెబ్బకి పోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో డేటా విద్యుదావేశం రూపంలో ఉంటుంది, ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉంటే అది కారిపోయే ప్రమాదం ఉంది. ఉచిత గూగుల్ అకౌంటులో 15 జీబీ చోటు ఉంటుంది గానీ, రెండేళ్లు దాన్ని తెరవకపోతే అకౌంటునే తీసేసే విధానం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. వీటికి భిన్నంగా పాడయ్యే సాధనం ఒకటి కావాలి. డిస్కు ఆ ఖాళీని పూరిస్తుంది.

అయితే అన్నిటికీ కాదు. ఇక్కడ లెక్క నిక్కచ్చిగా వేసుకోవాలి. 500 జీబీ డేటాని డీవీడీల్లో పెట్టాలంటే 107 డిస్కులు కావాలి. బ్లూరే అయితే 20. సెకనుకి 100 మెగాబిట్ల వేగంతో 4కె వీడియో తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలతో ఆరు గంటల పెళ్లి తీసిన స్టూడియో దగ్గర 540 జీబీ ముడి ఫుటేజీ ఉంటుంది. దాన్ని డిస్కుల మీదకి ఎక్కించాలనుకోవడం వృథా ప్రయాస, దానికి రెండు హార్డ్‌డిస్కులే దారి. డిస్కు తగినది చిన్నగా ఉండి, ఇక మారని వాటికి. మార్చి 31తో మూసేసిన ఏడాది లెక్కల డేటా, జీఎస్టీ రిటర్నుల పీడీఎఫ్‌లు, బిల్లులు, షాపు అద్దె ఒప్పందం, ఇంటి దస్తావేజుల స్కాన్లు, ఏడాది మొత్తంలో ఏరిన కుటుంబ ఫోటోలు. ఒక మామూలు దుకాణం ఏడాది లెక్కలు చాలావరకు ఒక్క సీడీలోనే పడతాయి.

లెక్కల విషయంలో ఎన్నాళ్లు దాచాలో చట్టమే చెబుతోంది. జీఎస్టీ కింద ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచాలి. 2023-24 లెక్కలకి ఆ గడువు 2024 డిసెంబరు 31 కాబట్టి, అవి 2030 డిసెంబరు 31 వరకు మన దగ్గర ఉండాలి. అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం. ఆరేళ్లలో సిస్టమ్ మారుతుంది, అకౌంటెంటు మారతాడు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారుతుంది. రోజువారీ బ్యాకప్ హార్డ్‌డిస్కులోకి వెళ్లనివ్వండి. ఏడాది మూసేశాక మాత్రం రెండు డిస్కులు రైట్ చేసి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లోనో ఆడిటర్ గారి ఆఫీసులోనో ఉంచండి. లెక్కల సాఫ్ట్‌వేర్ డేటాతో పాటు లెడ్జర్లు, డేబుక్కు పీడీఎఫ్‌లుగా కూడా పెట్టండి. పాత వెర్షన్ డేటా తెరవడం రేపు కష్టం కావచ్చు, పీడీఎఫ్ తెరుచుకుంటుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఈ డిస్కు ఒక్కటే చాలదు. కంపెనీల చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్ భారతదేశంలోని సర్వర్‌లో రోజూ ఉండాలి.

రైట్ చేసేటప్పుడు

విండోస్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే ఒక చిన్న పెట్టె తెరుచుకుని రెండు దారులు చూపిస్తుంది. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లా వాడతారా, లేక సీడీ, డీవీడీ ప్లేయర్‌తో వాడతారా అని. మొదటిది తేలిగ్గా కనిపిస్తుంది, చాలామంది అదే నొక్కుతారు. దాంట్లో ఫైళ్లు విడివిడిగా ఎప్పటికప్పుడు రాస్తూ పోతుంది, డిస్కు తెరిచే ఉంటుంది, వేరే సిస్టమ్‌లోనో పాత ప్లేయర్‌లోనో పెడితే చదవకపోవచ్చు. దాచుకునే డిస్కుకి రెండోదే సరైనది. అన్నీ ఒకేసారి రాసి, చివర్లో డిస్కుని మూసేస్తుంది.

వేగం విషయంలో అతి పనికిరాదు. 16ఎక్స్ అని రాసి ఉన్న డీవీడీని 8ఎక్స్‌లో రాస్తే ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. ఇమ్‌జ్‌బర్న్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై అనే టిక్ ఉంటుంది, దాన్ని ఎప్పుడూ తీసేయకండి. రాసిందంతా మళ్లీ చదివి మూలంతో పోల్చి చూస్తుంది. సమయం రెట్టింపవుతుంది, కానీ ఆ పోలిక లేని బ్యాకప్‌ని బ్యాకప్ అనుకోవడం కష్టం.

ఇంకొక మెట్టు పైకి వెళ్లాలనుకునేవాళ్లు హ్యాష్ విలువ కూడా తీసి పెట్టుకోవాలి. ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని కంప్యూటర్ ఇచ్చే పొడవాటి సంఖ్య అది. షా-256 పద్ధతిలో అయితే 64 అక్షరాలు. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. సెవెన్-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి తీసుకోవచ్చు. దాన్ని ఒక టెక్స్ట్ ఫైలులో డిస్కులోనే పెట్టి, ఒక కాగితం మీద ప్రింటు తీసి కవర్లో ఉంచండి. ఇది వ్యాపారులకి మరో రకంగానూ పనికొస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్ నమూనాలో హ్యాష్ విలువకి చోటుంది. షాపులో దొంగతనం ఫుటేజీ పోలీసులకి ఇచ్చేటప్పుడు, మన దగ్గర ఉంచుకున్న కాపీ హ్యాష్ కూడా రాసి పెట్టుకుంటే తర్వాత వాదనకి తావుండదు.

డిస్కు పోగొట్టుకుంటే అందులోది ఎవరైనా చదవగలరన్నది మరిచిపోకూడదు. కస్టమర్ల ఫోన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నప్పుడు సెవెన్-జిప్‌లోనే పాస్‌వర్డ్ పెట్టి మూసి రాయండి. ఆ పాస్‌వర్డ్ డిస్కు కవర్ మీద రాయకుండా, ఇంట్లో మరొకరికి తెలిసేలా వేరే చోట రాసి ఉంచండి. యజమానికి ఒంట్లో బాగోలేని రోజున కూతురో కొడుకో వాటిని తెరవగలగాలి.

మన ఎండల్లో ఎన్నేళ్లు

కంపెనీలు వందేళ్లు అని డబ్బా మీద వేస్తాయి. అది వేడి, తేమ పెంచిన గదిలో కొన్ని వారాలు పరీక్షించి కట్టిన అంచనా. కెనడియన్ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన అంచనాల్లో బంగారు పొర, థాలోసయనిన్ రంగు ఉన్న సీడీ-ఆర్‌కి వందేళ్ల పైన ఉంటే, వెండి పొర ఉన్న డీవీడీ-ఆర్‌కి 10 నుంచి 20 ఏళ్లే. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎక్కువ కాలం నిల్వకి 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలని ఉంది. విజయవాడ, రామగుండం వేసవిలో 45 డిగ్రీలు, విశాఖ, కాకినాడ గాలిలో ఏడాది పొడవునా తేమ. మన ఇళ్లలో ఆ షరతులు ఎప్పుడూ నెరవేరవు. కాబట్టి ఆ వందేళ్లని మనం లెక్కలోకి తీసుకోకూడదు. వేడి, తేమ ఉన్న చోట బూజు కూడా సమస్యే. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం నుంచి వచ్చిన ఒక సీడీని జియోట్రికమ్ అనే బూజు లోపలి నుంచి తినేసినట్టు 2001లో స్పెయిన్ పరిశోధకులు గుర్తించారు.

అన్నిటికంటే ఎండ పెద్ద శత్రువు. రంగు పొర కాంతికి స్పందించేదే కాబట్టి, కిటికీ పక్కన పెట్టిన డిస్కు నెమ్మదిగా తనంతట తానే చెడుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఇంకా త్వరగా. విడి గట్టి డబ్బాలో నిలబెట్టి, ఇంట్లో చల్లగా చీకటిగా ఉండే అరలో పెట్టండి. వంటింటికీ, మేడ మీద రేకుల గదికీ దూరంగా ఉంచండి. యాభై డిస్కుల డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఏళ్ల తరబడి ఉంచకూడదు. తుడవాల్సి వస్తే మధ్య నుంచి అంచు వైపు సూటిగా తుడవాలి, గుండ్రంగా తుడిచితే గీత డేటా వరస వెంబడే పడుతుంది. పేరు రాయడానికి నీటి ఆధారిత మార్కర్ వాడండి, అదీ మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయం మీద అయితే ఇంకా మేలు. అతికించే స్టిక్కర్లు వద్దు. సీడీ 52ఎక్స్ వేగంలో నిమిషానికి పదివేల సార్లకి పైగా తిరుగుతుంది, కాస్త పక్కకి అతికిన కాగితం ఆ తిరుగుడులో వణుకు పుట్టిస్తుంది. వేసవిలో జిగురు ఊడితే డ్రైవ్ కూడా పోతుంది.

రంగు పొర బదులు రాయిలాంటి పదార్థం వాడిన ఎమ్-డిస్క్ ఒకటి ఉంది, వెయ్యేళ్లు ఉంటుందన్న ప్రచారంతో వచ్చింది. సాంకేతికంగా అది గట్టిదే. కానీ దాన్ని తెచ్చిన అమెరికన్ కంపెనీ మిలెనియాటా 2016లో దివాలా తీసింది. మన దేశంలో 1999లో సీడీ-ఆర్ తయారీలోకి దిగి ప్రపంచంలోనే పెద్ద తయారీదారుల్లో ఒకటైన మోసర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. డిస్కు ఎంత కాలం నిలిచినా, చదివే డ్రైవ్ దొరక్కపోతే ఉపయోగం లేదు. బ్యాకప్ డిస్కులు ఉన్న ప్రతి ఇంట్లో ఒక యూఎస్‌బీ డీవీడీ రైటర్ కూడా ఉండాలి. ఐదేళ్లకోసారి పాత డిస్కులని కొత్త సాధనం మీదకి మార్చాలి.

పైకి బాగానే కనిపించే డిస్కు లోపల ఎంత చెడిందో మనకి తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. డిస్కు మీద డేటాతో పాటు తప్పులు దిద్దే అదనపు సమాచారం కూడా ఉంటుంది. రీడ్-సాలమన్ కోడ్ అనే గణిత పద్ధతి ఇది. కొన్ని చుక్కలు చదవలేకపోయినా మిగతావాటి నుంచి వాటిని లెక్కగట్టి నింపేస్తుంది. దీనివల్లే గీతలు పడ్డ సీడీలో పాట ఆగకుండా వస్తుంది. తప్పులు దిద్దగలిగినంత వరకు అంతా మామూలుగా ఉంటుంది, ఆ హద్దు దాటిన రోజున ఫైలు ఒక్కసారిగా తెరుచుకోదు. కాబట్టి ఒక ఫోటో తెరిచి చూసి బాగుందనుకోవడం పరీక్ష కాదు. ఏడాదికోసారి మొత్తం డిస్కుని హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి చూడండి. ఏదో ఒక ఫైలు దగ్గర డ్రైవ్ వేగం తగ్గి, మళ్లీ మళ్లీ తిరిగి చదువుతున్న చప్పుడు వస్తే, కాపీ పూర్తయినా సరే, ఆ డిస్కుకి వెంటనే కొత్త కాపీ రాయాలి. డీవీడిజాస్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కులో మిగిలిన చోటులో అదనపు దిద్దుబాటు సమాచారం కూడా పెట్టొచ్చు.

పంచే డిస్కు

డిస్కుతో ప్రచారం అనగానే గుర్తొచ్చే పెద్ద ఉదాహరణ అమెరికాలోని ఏఓఎల్. ఇంటర్నెట్ కనెక్షన్ అమ్మడానికి 1990లలో ముందు ఫ్లాపీలు, తర్వాత సీడీలు ఇళ్లకి పోస్టులో పంపింది, పత్రికలతో పాటు ఇచ్చింది. ఒక దశలో ప్రపంచంలో తయారయ్యే సీడీల్లో సగం మీద ఏఓఎల్ పేరే ఉండేదని ఆ ప్రచారం నడిపిన జాన్ బ్రాంట్ తర్వాత చెప్పారు. 2000 నాటికి ఏఓఎల్ చందాదారులు రెండు కోట్లు దాటారు. అది ఎందుకు పనిచేసిందంటే, అప్పట్లో ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవడానికి డిస్కు కంటే సులువైన దారి జనానికి లేదు. డౌన్‌లోడ్ చేసుకోవాలంటే ముందు ఇంటర్నెట్ ఉండాలి కదా. అందుకే ఆ డిస్కుకి అంత విలువ.

ఇవాళ ఒక బట్టల షాపు కొత్త డిజైన్లు చూపించాలంటే వాట్సాప్ స్టేటస్ ఉంది. ఫర్నిచర్ కేటలాగు పీడీఎఫ్ పంపితే పది సెకన్లలో చేరుతుంది, రేటు మారితే కొత్తది పంపొచ్చు. డిస్కులో రాసిన రేటు మారదు. ఆరు నెలల తర్వాత పాత రేటు పట్టుకుని కస్టమర్ వస్తే మాట పోతుంది. పైగా డిస్కు అందుకున్నవాళ్ల దగ్గర డ్రైవ్ లేదు, ఉన్నది ఫోనే. ఇంకా అనుమానం కూడా ఉంది. తెలియని డిస్కు సిస్టమ్‌లో పెట్టగానే దానంతటదే ప్రోగ్రామ్ నడిపే ఆటోరన్ సౌకర్యాన్ని వైరస్‌లు విపరీతంగా వాడుకున్నాయి, మైక్రోసాఫ్ట్ 2011లో పెన్‌డ్రైవ్‌ల మీద దాన్ని పాత విండోస్‌లలోనూ ఆపేసింది. ఒకప్పుడు విజిటింగ్ కార్డు ఆకారంలో కోసిన సీడీలు కూడా వచ్చేవి, సుమారు 50 ఎంబీ పట్టేవి. ట్రే లేకుండా సందులోంచి లోపలికి లాక్కునే డ్రైవ్‌లలో పెడితే అవి ఇరుక్కుపోతాయి. కాబట్టి ఒక వీధిలో ఇంటింటికీ డిస్కులు పంచే ప్రచారానికి ఇప్పుడు డబ్బు పెట్టడం నా లెక్కలో నష్టమే.

కానీ డిస్కుని ప్రకటనగా కాక, కస్టమర్ డబ్బిచ్చి తీసుకునే వస్తువుగా చూస్తే సంగతి మారుతుంది. మోసర్ బేర్ తెలుగు సినిమా వీసీడీలు 28 రూపాయలకి, డీవీడీలు 34 రూపాయలకి అమ్మిన రోజుల్లో మన పల్లెల్లో కూడా ప్లేయర్లు చేరాయి. ఆ ప్లేయర్లు కొన్ని ఇంకా పనిచేస్తున్నాయి. ఫోన్‌లో లింకు నొక్కి చూడలేని తాతయ్య, అమ్మమ్మ టీవీ కింద ఉన్న ప్లేయర్‌లో డిస్కు పెట్టి మనవరాలి కూచిపూడి అరంగేట్రం చూడగలరు. పెళ్లి వీడియో, స్కూలు వార్షికోత్సవం, భజన బృందం రికార్డింగు, సంగీతం మాస్టారి పాఠాలు, ఇవన్నీ జనం పారేయకుండా బీరువాలో దాచుకునేవి. అలాంటి డిస్కు మీద స్టూడియో పేరు, ఫోన్ నంబరు ఉంటే, బంధువులు వచ్చినప్పుడల్లా ఆ పేరు వాళ్ల కంట్లో పడుతుంది. ఇక్కడ మారకపోవడం మళ్లీ మంచిదే అవుతుంది, ఎందుకంటే అరంగేట్రంలో రేపు మారిపోయే రేటంటూ ఉండదు. ఆ ఫోన్ నంబరు మాత్రం మీరు ఇరవై ఏళ్లు ఉంచుకోగలిగేది అయి ఉండాలి.

అలాంటి డిస్కు తయారీలో మనవాళ్లు ఎక్కువగా ఎదుర్కొనే చిక్కులు ఫైళ్ల దగ్గర వస్తాయి. పాత డీవీడీ ప్లేయర్లలో చాలా వాటికి ఎంపీ4 ఫైలు అర్థం కాదు. డేటా డిస్కులా కాకుండా డీవీడీ-వీడియో పద్ధతిలో, మన టీవీలకి సరిపడే పాల్ విధానంలో 720×576 కొలతతో తయారుచేయాలి. 4కె చిత్రంలో ఉండే పిక్సెళ్లలో ఇది ఇరవయ్యో వంతు మాత్రమే, అందుకని అసలు నాణ్యత ఉన్న ఫైలుని పెన్‌డ్రైవ్‌లో కూడా ఇవ్వడం న్యాయం. డీవీడీ పెద్దవాళ్ల కోసం, పెన్‌డ్రైవ్ పిల్లల కోసం. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా ఉంచండి, తెలుగు పేర్లు పాత ప్లేయర్ల తెర మీద గళ్లుగా కనిపిస్తాయి. తెలుగు కరపత్రం పెడుతుంటే పీడీఎఫ్‌గానే పెట్టాలి. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది.

పైవైపు ముద్రణకి తెల్లటి ప్రింటబుల్ డిస్కులు దొరుకుతాయి, డిస్కు ట్రే ఉన్న ఇంక్‌జెట్ ప్రింటర్‌తో నేరుగా వాటి మీద వేయొచ్చు. పదులూ వందల్లో కావాలంటే ఇలా రైట్ చేసుకోవడమే మేలు. వేల సంఖ్యలో కావాలంటే ఫ్యాక్టరీలో అచ్చు పోయిస్తారు. దానికి ముందు గాజు మాస్టర్, దాని నుంచి లోహపు అచ్చు తయారుచేయాలి, ఆ ఖర్చు ఒక్కసారే. సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో డిస్కు మీద పడే భారం తగ్గుతుంది. రంగు పొర లేని అచ్చు డిస్కు ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా.

పాటల సంగతి చాలామంది పట్టించుకోరు. పెళ్లిలో పాట వేయడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అది ఆ వేడుకలో వినిపించడానికే. స్టూడియో తన పని చూపించే డెమో డిస్కులో సినిమా పాట వేసి పంచడం ఆ మినహాయింపు కిందికి రాదు. ఊళ్లో నాదస్వరం వాయించేవాళ్లకి డబ్బిచ్చి రికార్డు చేయించుకుని, వాడుకునే హక్కు కాగితం మీద రాయించుకుంటే ఆ చిక్కు ఉండదు, డిస్కుకి మీదైన గొంతూ వస్తుంది.

ఇవన్నీ కొత్తగా రాసే డిస్కుల సంగతి. అంతకంటే తొందరపడాల్సింది పాతవాటి విషయంలో. 2000 తర్వాత పదేళ్లలో మన ఇళ్లలో జరిగిన పెళ్లిళ్లు చాలావరకు వీసీడీల మీద, చవక డీవీడీల మీద ఉన్నాయి. ఆ పెళ్లిలో కనిపించిన పెద్దలు కొందరు ఇప్పుడు లేరు, వాళ్ల గొంతు ఉన్నది ఆ డిస్కు మీదే. ఈ వారమే బీరువాలోంచి తీసి హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. వీసీడీని సిస్టమ్‌లో తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో పేరు చివర .DAT అని ఉండే పెద్ద ఫైళ్లు ఉంటాయి, వీడియో అదే. వీఎల్‌సీ ప్లేయర్‌లో నేరుగా ఆడుతుంది. వీడియో సీడీలో చోటు మిగల్చడానికి దిద్దుబాటు సమాచారం ఒక పొర తగ్గించి రాస్తారు, అందుకని కాపీ మధ్యలో ఆగిపోవడం వీటిలో ఎక్కువ. ఆగితే డిస్కుని మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే వేరే డ్రైవ్‌లో, కుదిరితే పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కుని ఇంకో డ్రైవ్ చదవడం మామూలే.